ఏడేళ్ల టీకా అన్న మాట ఎక్కడ పుట్టింది?

ప్రశ్న: మా ఇంట్లో జున్ను అని ఒక స్పిట్జ్ కుక్క ఉంది. నాలుగేళ్లది. పోయిన సంవత్సరం రేబిస్ టీకా, మిగతా జబ్బులకు కలిపి వేసే టీకా రెండూ ఒకే రోజు వేయించాము. గంట తిరగకుండానే దాని మూతి, కళ్ల చుట్టూ వాచిపోయాయి. డాక్టరు గారు ఇంజెక్షన్ ఇచ్చాక సాయంత్రానికి తగ్గింది. అప్పటి నుంచి మా వారికి టీకా అంటేనే భయం. ఈ సంవత్సరం గడువు దాటి మూడు నెలలైంది. ఇంతలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. రేబిస్ టీకా ఒకసారి వేస్తే ఏడేళ్లు పనిచేస్తుందని అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారట. ఏటా వేయడం కంపెనీల వ్యాపారమట. బ్రిటన్‌లో ఒక టీకా వల్ల వందకు పైగా కుక్కలు చనిపోయాయట. టీకాల వల్ల కుక్కలకు ఆటిజం వస్తుందట. హోమియో చుక్కలు వేస్తే చాలట. డల్లాస్‌లో ఉండే మా మరిది మూడేళ్లకోసారి చాలంటాడు. ఇక్కడి డాక్టరు గారు ప్రతి ఏడాదీ అన్నీ వేయించాలంటారు. ఎవరి మాట నమ్మాలి? గ్రూపులో ఏమని జవాబు రాయాలి? నెల క్రితం ఆడుకుంటుంటే జున్ను గోరు తగిలి మా అబ్బాయి చేతి మీద గీరుకుంది. డెట్టాల్ రాశాము, పెద్దదేమీ కాదు.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పెద్దదేమీ కాదని మీరు చివర్లో మాటవరసకు రాసిన ఆ గీత నుంచే మొదలుపెడతాను. కుక్క గోరు గీరినా, పళ్లు తగిలినా చేయాల్సిన మొదటి పని డెట్టాల్ రాయడం కాదు. పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్తం రాని గీతకైనా టీకా మొదలుపెట్టాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ టీకా ఉచితం. మీ విషయంలో నెల గడిచింది, జున్ను హాయిగా తిని తిరుగుతోంది. లాలాజలంలోకి రేబిస్ వైరస్ చేరిన కుక్క పది రోజులకు మించి ఆరోగ్యంగా ఉండదు కాబట్టి, ఆ గీత గురించి ఇప్పుడు మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. అయినా అబ్బాయిని చూసే డాక్టరుకు ఒక మాట చెప్పి ఉంచండి. మళ్లీ గీరుకుంటే మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

ఇక మీరు అడిగినది. మీ ముందు ముగ్గురున్నారు: మెసేజ్, మరిది, డాక్టరు. వీళ్లలో ఒకరు నిజం, మిగతావాళ్లు అబద్ధం అని తేల్చాలనుకుంటున్నారు. ఆ దారిలో వెళితే చివరికి గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది. నేను మనిషిని పక్కన పెట్టి మాట వెంట వెళతాను. ఈ మాట మొదట ఎవరు అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, నా దాకా వచ్చేలోపు దానికి ఏమి తగ్గింది, ఏమి కలిసింది అని చూస్తాను. మీ గ్రూపులోని మెసేజ్‌కు ఈ పరీక్ష పెడితే ఒక విచిత్రం కనిపిస్తుంది. అందులో చాలా మాటలకు నిజమైన మూలం ఉంది. మూలాన్ని ఎవరూ చివరి దాకా చదవలేదు, అంతే.

ఏడేళ్ల మాటనే తీసుకోండి. అమెరికాలో 2005లో రేబిస్ ఛాలెంజ్ ఫండ్ అని ఒకటి మొదలైంది. రేబిస్ టీకా రక్షణ మూడేళ్లకు మించి ఉంటుందేమో పరీక్షించి, ఐదేళ్లకో ఏడేళ్లకో ఒకసారి వేస్తే చాలని నిరూపించాలన్నది దాని లక్ష్యం. డబ్బు కంపెనీలది కాదు, కుక్కల యజమానులు ఇచ్చిన విరాళాలు. జీన్ డాడ్స్ అనే పశువైద్యురాలు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ షుల్ట్జ్ అనే రోగనిరోధక శాస్త్రవేత్త దాన్ని నడిపించారు. షుల్ట్జ్ సామాన్యుడు కాదు. కుక్కల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల టీకాల రక్షణ ఏళ్ల తరబడి నిలుస్తుందని చూపించి, ఏటా అన్నీ వేసే అలవాటును ప్రపంచమంతటా ప్రశ్నార్థకం చేసిన మనిషి. ఇంతవరకు మెసేజ్ చెప్పినదానికి బలం ఉన్నట్టే.

ఫలితాలు 2020లో కెనడాకు చెందిన పశువైద్య పరిశోధన పత్రికలో వచ్చాయి. టీకా వేసి, ఏళ్ల తరబడి ప్రయోగశాలలో ఉంచి, తర్వాత అసలు రేబిస్ వైరస్‌నే ఎక్కించి చూశారు. ఆరేళ్ల ఏడు నెలలకు 80 శాతం కుక్కలు తట్టుకున్నాయి. ఏడేళ్ల ఒక నెలకు 50 శాతం. ఎనిమిదేళ్లకు 20 శాతం. ఒక్కో గుంపులో ఉన్న కుక్కలు చాలా తక్కువ కాబట్టి ఈ శాతాలను అటూ ఇటూగానే తీసుకోవాలి. కానీ దిశ మాత్రం స్పష్టం. ఏడేళ్లు పనిచేస్తుందని నిరూపించాలని మొదలుపెట్టిన పరిశోధన, ఏడేళ్లకు సగం కుక్కలకు రక్షణ లేదని చూపించింది. తాము ఆశించినదానికి పూర్తిగా అనుకూలంగా రాని ఫలితాన్ని దాచకుండా అచ్చువేశారు. అందుకు ఆ బృందం మీద నాకు గౌరవం. మీ గ్రూపులోకి మాత్రం ఆ పరిశోధన ఉద్దేశమే ఫలితంగా వేషం మార్చుకుని వచ్చింది. టీకా వేసిన రెండో ఏటనో మూడో ఏటనో రక్షణ ఠక్కున మాయమవుతుందని కూడా ఈ పరిశోధన చెప్పలేదు, అది గుర్తుంచుకోండి. మీకు మూడు నెలల ఆలస్యమైందని గుండెలు బాదుకోనక్కర్లేదు. వెళ్లి వేయించండి.

బ్రిటన్ మరణాల మాటా గాలిలోంచి పుట్టలేదు. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బుకు అక్కడ పాత టీకా రెండు రకాల క్రిములను అడ్డుకునేది. దాని స్థానంలో నాలుగు రకాలను అడ్డుకునే కొత్తది వచ్చింది. 2016లో దాని మీద వచ్చిన ఫిర్యాదుల గురించి పత్రికలు పెద్ద శీర్షికలతో రాశాయి. ఆ లెక్కలు పశువుల మందులను పర్యవేక్షించే ప్రభుత్వ విభాగానికి అందిన నివేదికల నుంచి వచ్చాయి. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. నివేదిక అంటే రుజువు కాదు. టీకా వేసిన తర్వాత కుక్కకు ఏమైనా జరిగితే, కారణం టీకాయో కాదో తెలియకపోయినా, ఎవరైనా పంపవచ్చు. అలా పంపమనే ఆ విభాగం కోరుతుంది, ఎందుకంటే అరుదైన ప్రమాదం అలాగే బయటపడుతుంది. మరుసటి ఏడాది ఆ విభాగమే లెక్క బయటపెట్టింది: పాత టీకాకు ప్రతి 10,000 మోతాదులకు అనుమానిత దుష్ప్రభావాలు రెండు లోపు, కొత్తదానికి ఏడు లోపు.

కొత్తదానికి ఎక్కువే వచ్చాయని గమనించారా? దాన్ని దాచలేదు. పత్రికల్లో గోల జరిగాక ఫిర్యాదులు పెరగడం సహజం కాబట్టి ఆ తేడాలో ఎంత టీకాది, ఎంత భయానిది అన్న ప్రశ్న ఉంటుంది. అయినా లెక్క లెక్కే. వందకు పైగా చనిపోయాయి అన్న మాటకు, 10,000 మోతాదుల్లో ఏడు లోపు అనుమానాలు అన్న మాటకు ఆధారం ఒకటే. మొదటిది చెప్పి రెండోది చెప్పనివాడు మీకు సమాచారం ఇవ్వడం లేదు, భయం ఇస్తున్నాడు. ఎంతమందికి జరిగింది అని ఎవరైనా చెప్పినప్పుడు ఎంతమందిలో అని అడగడం అలవాటు చేసుకోండి.

ఆటిజం సంగతికి అంత ఓపిక అక్కర్లేదు. పిల్లల టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో పన్నెండు మంది పిల్లల మీద ఒక వ్యాసం బ్రిటన్‌లో వచ్చింది. దాన్ని 2010లో పత్రికే వెనక్కి తీసుకుంది. రాసిన వైద్యుడి గుర్తింపు రద్దయింది. పిల్లల విషయంలో అబద్ధమని తేలిన ఆ మాటే ఇరవై ఏళ్లకు కుక్కల మెడలో పడింది. 2018లో ఒక బ్రిటన్ టీవీ కార్యక్రమం, టీకా వల్ల మీ కుక్కకు ఆటిజం వచ్చిందనుకుంటున్నారా అని ప్రేక్షకులను అడిగితే, బ్రిటిష్ పశువైద్య సంఘం వెంటనే అలాంటి సంబంధానికి శాస్త్రీయ ఆధారమే లేదని బదులిచ్చింది. అసలు కుక్కల్లో ఆటిజం అన్న రోగనిర్ధారణే లేదు. అయినా 2023లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో కుక్కల యజమానుల్లో 37 శాతం మంది అది నిజమేనేమో అన్నారు. ఎంతమంది నమ్ముతున్నారన్నది సాక్ష్యమైతే జాతకాలు ఎప్పుడో విజ్ఞానశాస్త్రమై ఉండేవి.

హోమియో చుక్కల గురించి ఒక్క మాట చాలు. వాటిలో శరీరం గుర్తుపట్టి పోరాటం నేర్చుకోవడానికి కావలసిన పదార్థమే ఉండదు. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం తన టీకా మార్గదర్శకాల్లో ఏ జబ్బు నివారణకూ వాటిని వాడరాదని సూటిగా రాసింది. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకని రేబిస్‌తో ఈ ప్రయోగం చేయకండి.

ఆ సంఘం పేరు వచ్చింది కాబట్టి మీ మెసేజ్‌లోని అసలు మాటకు వద్దాం: ఇదంతా వ్యాపారం. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. నేను పశువైద్యుణ్ని, టీకా వేసి డబ్బు తీసుకునేవాణ్ని. ఆ లెక్కన నా మాటనూ మీరు అనుమానించాలి. ఆ ప్రపంచ సంఘం టీకా మార్గదర్శకాలు తయారుచేసే బృందానికి డబ్బు ఇచ్చేది ఎవరనుకుంటున్నారు? ఒక పెద్ద టీకా కంపెనీ. ఆ సంగతి వాళ్లే తమ పత్రాల్లో ముద్రిస్తారు. ఇప్పుడు ఆ పత్రం ఏమి చెబుతుందో చూడండి. డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ టీకాలను కుక్కపిల్ల దశలో సరిగ్గా వేశాక, ఆపైన మూడేళ్లకన్నా తరచుగా వేయవద్దు అంటుంది. టీకా అమ్మే కంపెనీ డబ్బుతో పనిచేస్తూ టీకాలు తక్కువ వేయమన్నవాళ్లు వీళ్లు. తన లాభానికి అడ్డం వచ్చే మాట చెప్పేవాడిని నేను కాస్త ఎక్కువగా నమ్ముతాను. ఆ మెసేజ్ కింద చుక్కలు ఎక్కడ దొరుకుతాయో ఫోను నంబరు ఉందేమో కూడా ఒకసారి చూడండి. సాధారణంగా ఉంటుంది.

డబ్బు ఎవరిదో తెలుసుకోవడం అవసరమే. అది అనుమానించడానికి కారణమవుతుంది, తీర్పు మాత్రం కాదు. పిల్లుల విషయంలో జరిగినది చూడండి. టీకా వేసిన చోట కొన్ని పిల్లులకు క్యాన్సర్ గడ్డలు వస్తున్నాయని 1991లో బయటపెట్టింది టీకా వ్యతిరేకులు కాదు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని పశువైద్య రోగ పరిశోధకులు. చాలా అరుదైన ప్రమాదమే. అయినా దాని మీద ప్రత్యేక బృందం ఏర్పడింది, ఏ టీకా ఎక్కడ వేయాలన్న పద్ధతి మారింది. గడ్డ వస్తే తీసివేయడానికి వీలుండాలని కాళ్ల కింది భాగంలోనో తోకలోనో వేయడం అలా మొదలైంది. తమ తప్పును తామే వెతికే వ్యవస్థ ఉందా లేదా అన్నది నాకు పెద్ద గుర్తు. మన దేశంలో రేబిస్ మరణాల లెక్కే ఉదాహరణ. ఏటా 18,000 నుంచి 20,000 దాకా ఉంటాయని ఏళ్ల తరబడి చెప్పేవారు. 2022, 2023 సంవత్సరాల్లో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా సర్వే చేసి, ఏటా సుమారు 5,700 అని అంచనా వేసింది. భయం అమ్ముకునేవాళ్లయితే పెద్ద అంకెనే పట్టుకుని కూర్చునేవారు.

మీ మరిదికీ మీ డాక్టరుకూ మధ్య ఉన్న తేడాలో నిజానికి అంత వైరం లేదు. మరిది చెప్పింది డల్లాస్‌లో సరైనదే. అక్కడ మొదటి రేబిస్ టీకా తర్వాత ఏడాదికి ఒకటి వేసి, ఆపైన మూడేళ్లకు అనుమతి ఉన్న టీకా అయితే మూడేళ్లకోసారి వేస్తారు. పైగా కుక్క నుంచి కుక్కకు పాకే రేబిస్ అమెరికాలో లేకుండా పోయిందని 2007లోనే ప్రకటించారు. అక్కడ భయమంతా గబ్బిలాలు, రకూన్లు, స్కంకుల వంటి అడవి జీవుల నుంచి. హనుమకొండలో జున్ను గేటు దాటితే ఎదురయ్యేది వీధి కుక్క. ఇల్లు వేరు, వీధి వేరు, సీసా వేరు. కాబట్టి రేబిస్ విషయంలో నేను రెండే చూస్తాను: మీ డాక్టరు వాడే టీకా కాగితం మీద ఎంతకాలానికి అని ముద్రించి ఉంది, మీ ఊరి మున్సిపాలిటీ పెంపుడు కుక్క లైసెన్సుకు ఏమి అడుగుతోంది. ఏడాది అని ఉంటే ఏడాదే. అందులో బేరం లేదు.

మిగతా టీకాల్లో మాత్రం మీ డాక్టరును మర్యాదగా ప్రశ్నించే హక్కు మీకుంది. కలిపి వేసే టీకా అంటే ఒకటి కాదు, నాలుగైదు జబ్బులది. అందులో లెప్టో, అంటే లెప్టోస్పైరోసిస్, భాగం రక్షణ ఏడాదికి మించి నమ్మదగింది కాదు. వర్షాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు నిలిచే మన ఊళ్లలో దాన్ని ఏటా వేయాలనడం సబబే. డిస్టెంపర్, పార్వో భాగాన్ని ఏటా వేయాలనడానికి మాత్రం అంత బలమైన కారణం లేదు, జున్నుకు చిన్నప్పటి టీకాలు సరిగ్గా పడి ఉంటే. సరిగ్గా అంటే చివరి మోతాదు పదహారు వారాల వయసు నిండాక పడటం. తల్లి పాల నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) అప్పటిదాకా టీకాను పనిచేయనీయకపోవచ్చు. పది వారాలకే ఆపేసి, తర్వాత పార్వో వస్తే టీకాయే దొంగదని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. జున్ను టీకా పుస్తకం తీసి ఆ తేదీ చూడండి. ఆ తర్వాత లెప్టో విడిగా వేసే వీలుందా అని అడగండి. చిరాకు పడకుండా వివరించే డాక్టరు దొరికితే వదులుకోకండి.

ఇక మీ వారి భయం. ఈ ఉత్తరంలో మీరు కళ్లారా చూసిన ఏకైక సాక్ష్యం అదే, దాన్ని తేలిగ్గా తీసుకోను. అమెరికాలో ఒక ఆసుపత్రుల గొలుసులో టీకా వేసిన పన్నెండు లక్షలకు పైగా కుక్కల రికార్డులు చూసి 2005లో ఒక అధ్యయనం అచ్చువేశారు. టీకా తర్వాత మూడు రోజుల్లో ప్రతి 10,000 కుక్కల్లో సుమారు 38కి ఏదో ఒక ప్రతిచర్య కనిపించింది. చిన్న జాతులకు ఎక్కువ. ఒకే రోజు వేసే టీకాల సంఖ్య పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ, ఆ పెరుగుదల కూడా చిన్న కుక్కల్లోనే ప్రస్ఫుటం. జున్ను చిన్న కుక్క, ఆ రోజు రెండు టీకాలు పడ్డాయి. అంటే మీ ఇంట్లో జరిగినది పుస్తకంలో ఉన్నదే. టీకా మానేయమని దాని అర్థం కాదు, పద్ధతి మార్చమని. పోయిన సంవత్సరం వాపు వచ్చిందని డాక్టరుకు ముందే చెప్పి, కార్డు మీద రాయించండి. ఏ సీసా వల్ల వచ్చిందో ఇప్పుడు తెలియదు, అందుకే రేబిస్ ఒక రోజు, రెండోది కొన్ని వారాలు ఆగి వేయించండి. ముందుగా అలర్జీ తగ్గించే మందు ఇవ్వాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. ఉదయం పూట వెళ్లండి, సాయంత్రం మూసేసే వేళ కాదు. వేశాక గంటసేపు అక్కడే కూర్చోండి. సీసా ఫ్రిజ్ లోంచి తీశారా, గడువు తేదీ ఎంత అని చూడండి, దాని మీద ఉండే చీటీని కార్డులో అంటించమనండి. ఇదంతా అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం మన వాళ్లకు ఎక్కువ. మీరు డబ్బిచ్చి కొనే వస్తువే కదా.

డబ్బే అడ్డయితే, జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అంతా వ్యాపారమే అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి గుర్తుచేయవచ్చు. అయితే జున్ను గడువు ఇప్పటికే దాటింది, జూలై దాకా ఆగకండి.

గ్రూపులో జవాబు గురించి. నేను రాసినదంతా అక్కడ పెట్టకండి, ఎవరూ చదవరు. మెసేజ్ పంపినాయనను వెక్కిరించకండి, రేపు లిఫ్టులో ఎదురుపడాల్సిన మనిషి. పైగా ఆయనకు అది ఇంకెవరో పంపి ఉంటారు. ఆయన కుక్కకు టీకా పడటం మీ అబ్బాయికి ఎంత అవసరమో ఆలోచించండి. పెట్టదలిస్తే ఇంతే పెట్టండి: "ఏడేళ్ల పరిశోధన నిజమేనండి, 2020లో వచ్చింది. అందులో ఏడేళ్లు దాటాక సగం కుక్కలు రేబిస్‌ను తట్టుకోలేదు. శనివారం పొద్దున జున్నుకు టీకా వేయించడానికి వెళుతున్నాము, కారులో ఇంకో ఇద్దరికి చోటుంది."